వీపు నిమిరే చెయ్యి

ఆస్పత్రిలో ఆయాగా చేసి చేసి చెయ్యి తిరిగిన మనిషి కాబట్టే ఆవిడను మరమనుషులను తయారుచేసే వర్క్‌షాపువాళ్ళు ఏరికోరి తెచ్చుకున్నారు. అక్కడ ఇంజనీర్లతో సహా అందరికీ ఆవిడ ఆయమ్మే. చేతులకు వైర్ల గ్లవ్స్, నెత్తిన కెమెరా తగిలించుకుని, మనిషంత బరువున్న రబ్బరు బొమ్మను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. మళ్ళీ పడుకోబెట్టాలి. పక్కనే నిలబడి మరమనిషి అంతా చూస్తూ నేర్చుకుంటుంది. ఏం చెప్పినా అర్థం చేసుకునే బుర్ర, ఏ పనికైనా వంగే చేతులు దానివి. రేపు ఇంటింటా ముసలివాళ్ళను అదే చూసుకుంటుందట.

ఆయమ్మకో అలవాటు ఉండేది. మంచాన ఉన్నవాళ్ళు ఉలిక్కిపడకుండా, లేపేముందు వీపు మీద చెయ్యివేసి ఒకసారి నిమిరేది. బొమ్మనూ అలాగే నిమిరేసరికి ఇంజనీర్లు నవ్వుకున్నారు. అది వృథా కదలిక, మానెయ్యమని మర్యాదగానే చెప్పారు. నిమిరినప్పుడల్లా రికార్డింగు పక్కనపడేసి మళ్ళీ మొదటినుంచీ చేయించేవాళ్ళు. అలవాటు వదిలించుకునేసరికి ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. వదిలాక మాత్రం, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వపడింది కూడా.

కొత్తగా అబ్బిన ఆ గుణం గడప దాటి ఇంటికి రాకుండా ఉంటే ఎంత బాగుండేది! ఇంట్లో అత్తగారు మంచాన పడి ఉంది. ఆ ముసలావిడనూ బొమ్మను లేపినట్టే లేపడం మొదలైంది. చంకల కింద చేతులు, ఒక్క ఊపు, కుర్చీ. ఎక్కడా నొప్పి కలిగేది కాదు. ఓ పొద్దున అత్తగారు మెల్లగా అడిగింది.

"నామీద ఏమన్నా కోపమా అమ్మా?"

"కోపమేంటత్తయ్యా, టైమైపోతోంది" అంటూ ఆయమ్మ చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

అప్పటినుంచి ముసలావిడ పక్క సర్దమని కూడా అడగలేదు. దాహమేసినా నోరు విప్పేది కాదు. పాపం, సర్దుకుపోతోంది కాబోలనుకుంది కోడలు. అంతకంటే తెలివితక్కువతనం ఉంటుందా? ఆ వానాకాలం దాటకముందే అత్తగారు కన్నుమూసింది.

కర్మలయ్యాక ఆయమ్మ పనిలోకి వచ్చింది. యథాప్రకారం గ్లవ్స్ తొడుక్కుని బొమ్మ మీదికి వంగింది. అంతవరకూ చెప్పింది చెయ్యడమే తప్ప ఏదీ అడగని మరమనిషి ఆరోజు నోరు తెరిచింది.

"మొదట్లో లేపేముందు వీపు నిమిరేవారు. తర్వాత మానేశారు. బొమ్మ మీద కోపం వచ్చిందా?"

దానికై దానికే ఆ సందేహం వచ్చినందుకు ఇంజనీర్లు సంబరపడిపోయారు. దాని తెలివికి మురిసిపోతూ ఒకరి చేతిలో ఒకరు చరుచుకున్నారు.   తను ఎవరికి ఏం చేసిందో ఆయమ్మకు మాత్రం అప్పుడు తెలిసింది. అత్తగారు అడిగిన మాటకు ఒక్క నిమిషం ఆగి జవాబు చెప్పి ఉంటే సరిపోయేది.

గ్లవ్స్ తీసేసి, బొమ్మ వీపు మీద చెయ్యివేసి నిమిరింది.

"కోపం కాదత్తయ్యా" అంది.