అద్దం ఇంకా మసకే

కళింగపట్నంలో లారీ దిగేసరికి మధ్యాహ్నం రెండు. పందొమ్మిది వందల అరవై ఎనిమిది, మే నెల. ఇసుక మీద బూటు ఆనితే కాలుతోంది. నా ట్రంకు పెట్టెలో రెండు ఉన్ని స్వెటర్లు, మూడు జతల ఉన్ని మేజోళ్ళు. సైన్యమంటే మంచుకొండలేననుకుని, విజయనగరంలో మా కిరాణా కొట్టు పక్క బట్టల కొట్లో గంటసేపు బేరమాడి కొన్న సరుకు. సగానికి సగం తగ్గించానని అప్పుడు పొంగిపోయాను. శిక్షణ అయ్యాక సైన్యం నన్ను మా ఇంటికి ఒక పూట బస్సు ప్రయాణం దూరంలో దించింది. బేరంలో ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు.

వంశధార సముద్రంలో కలిసేచోట ఇసుక దిబ్బ మీద మా పోస్టు. నాలుగు గుడారాలు. ఇసుక బస్తాల బంకరు, అందులో వైర్‌లెస్ సెట్టు. ఒక జీపు, కెప్టెన్ గారికి ఒక నల్ల స్టాఫ్ కారు. కనబడిన ప్రతి ఓడ సంగతీ విశాఖపట్నానికి చెప్పడం మా పని. ఆపరేటరు రోజంతా అదే పాట పాడేవాడు.

"ఏమైనా కనబడిందా? ఓవర్."

"తెప్పలు. ఓవర్."

"ఎన్ని? ఓవర్."

"నిన్న పోయినవే తిరిగొస్తన్నాయి. ఓవర్."

నేను స్టోర్‌మన్‌ని. బియ్యం, కిరసనాయిలు, సబ్బు చూసుకోవాలి. దేశసేవ చేద్దామని కొట్టు వదిలి వచ్చినవాడికి తుపాకీ ఇచ్చి మళ్ళీ కొట్లోనే కూర్చోబెట్టారు.

స్టాఫ్ కారు తోలేది హవల్దారు. టెక్కలి వైపు మనిషి. పెద్ద మీసం, తక్కువ మాట. కొండదారుల్లో లారీలు తోలినవాడు. రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. "షావుకారీ" అనేవాడు.

జూలైలో గాలి తిరిగింది. సముద్రం మీంచి ఉప్పు తుంపర లేచి అద్దాలకు పట్టేది. ఆరితే తెల్లటి పొర. దానికోసమే కారుకు నీళ్ళు చిమ్మే ఏర్పాటు ఉంది. బానెట్టు కింద నీళ్ళ సీసా, దానికో రబ్బరు గొట్టం, అద్దం ముందు రెండు చిన్న నాళాలు. లోపల మీట నొక్కితే నీళ్ళు అద్దం మీద పడాలి. ఆ నెలలో పడడం మానేశాయి.

ఒక సాయంత్రం గార అనే ఊరి దగ్గర కారు గడ్డిబండిని రాసుకుంటూ పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎడ్లు బెదిరాయి, కారు తలుపు సొట్టపడింది. హవల్దారు ఒకటే మాట అన్నాడు. "అద్దం మసక సాబ్. నీళ్ళు రాలేదు."

కెప్టెన్ గారు నన్ను పిలిచారు. "సోమవారం కర్నల్ సాబ్ ఆముదాలవలసలో రైలు దిగుతారు. ఈలోగా ఆ అద్దం సంగతి తేల్చు. తేలకపోతే కారునూ, దాన్ని తోలేవాణ్నీ కలిపి విశాఖపట్నం పంపేస్తాను. వేరే డ్రైవరు వస్తాడు."

"నేను స్టోర్‌మన్‌ని సార్."

"కొట్టు నడిపినవాడివి. ఏదో ఒకటి బిగించగలవు."

బయట హవల్దారు నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. "స్టీరింగు పీకేస్తే నానేటి సెయ్యాలిరా షావుకారీ? మా ఊళ్ళో నా పేరు ఎవులికీ తెల్దు. డ్రైవరంటే తెలుస్తాది."

శుక్రవారం మొదలుపెట్టాను. నాళాల్లో ఉప్పు గడ్డకట్టి ఉంది. కుట్టుసూదితో పొడిచాను. గొట్టం ఊడదీసి నోటితో ఊదాను. నోరంతా ఉప్పు. మా బావినీళ్ళు చవిటివి కాబట్టి సీసాకు మంచినీళ్ళే పోయాలి. అవి నీలమ్మ దగ్గర దొరుకుతాయి. ఎగువ నుంచి కుండతో తెచ్చే బెస్త మనిషి. కుండకో ఖాళీ డబ్బా అడిగింది. రెండు కుండలకు ఒకటన్నాను.

"రెండు కుండలకి ఒకటా? మీ అమ్మ కొట్లో ఉప్పు కూడా అలాగే తూస్తాదేటి బావా?"

చివరికి కుండకు రెండు డబ్బాలు ఇచ్చాను. ఎలా జరిగిందో ఇప్పటికీ తెలియదు.

మంచినీళ్ళు పోసి మీట నొక్కితే రెండు నాళాలూ చక్కగా చిమ్మాయి. రెండోసారీ చిమ్మాయి. మూడోసారి జొల్లు కారింది. తర్వాత ఏమీ లేదు. సీసా మూత తీసి చూస్తే నీళ్ళు నిండుగా ఉన్నాయి. మూత పెట్టి నొక్కితే మళ్ళీ వచ్చాయి. మళ్ళీ ఆగాయి. గొట్టం మార్చాను. మీట విప్పి బిగించాను. చూసినంతసేపూ బాగుంటుంది, నమ్మి వెనక్కి తిరిగితే ఆగిపోతుంది. అలాంటి అప్పుదారుల్ని చూశాను కానీ, యంత్రాన్ని చూడడం అదే మొదలు.

శనివారం వంటవాడికి నూనె డబ్బా తెరిచి ఇస్తున్నాను. మూల మీద మేకుతో ఒక చిల్లు కొట్టాను. నూనె గుడగుడమని ఆగింది. ఎదురు మూలన రెండో చిల్లు కొట్టాను. ధార కట్టింది. పదేళ్ళ వయసు నుంచి చేస్తున్న పని. గాలి లోపలికి పోయే దారి లేకపోతే నూనె రాదు. మేకు చేతిలోనే ఉంది, కారు దగ్గరికి పరిగెత్తాను.

సీసా మూత మీద సన్నటి చిల్లు ఉంది. దాన్ని మైనంతో పూడ్చేశారు.

"ఇదెవరు పెట్టారు సాబ్?" వెనకే వచ్చిన హవల్దారుని అడిగాను.

"నానే. గతుకుల్లో మంచినీళ్ళు ఒలికిపోతన్నాయని."

మైనం గీకేశాను. నొక్కినన్నిసార్లూ నీళ్ళు చిమ్మాయి. వైర్‌లెస్ ఆపరేటరు బంకరులోంచి తల బయటపెట్టి "విశాఖపట్నానికి సెప్పీమంటావేటి? ఓవర్" అన్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కెప్టెన్ గారికి చూపించే ముందు ఒక పరీక్ష పెట్టుకున్నాం. గాలి లేదు. మంచి ఎండ. మా నాన్న ఇచ్చిన పొందూరు ఖద్దరు తువ్వాలుతో అద్దం లోపలా బయటా తుడిచాను. హవల్దారు సీట్లో, నేను పక్కన. ఆయన మీట నొక్కాడు. రెండు ధారలు లేచాయి. వైపర్లు తుడిచాయి. అద్దం అవతల ఇసుకలో పీత పరుగెత్తడం నాకు కనబడింది.

"ఎలా ఉంది సాబ్?"

"మసకే."

దిగి సబ్బుతో కడిగాను. "ఇంకా ఉన్నాది" అన్నాడు. నిమ్మకాయ రుద్దాను. "ఉన్నాది." గోటితో గీకాను. గోటికి ఏమీ అంటలేదు. ఆయన్ని దింపి నేను ఆ సీట్లో కూర్చున్నాను. అద్దం అవతల దూరంగా లైట్‌హౌస్ కటకటాల మీద కాకి ముక్కుతో రెక్క గోక్కుంటోంది.

"నాకు బాగానే ఉంది సాబ్."

"నీది బేరగాడి కన్ను. పాత సరుకుని కొత్తదంటావు."

మళ్ళీ ఆయనే కూర్చున్నాడు. నేను బయట కారు ముందు నిలబడ్డాను. నాకు బుర్ర పనిచేయలేదు. నీళ్ళు వస్తున్నాయి, అద్దం శుభ్రంగా ఉంది, ఎక్కడుంది ఈ మసక? అప్పుడే నీలమ్మ కుండతో దిబ్బ ఎక్కి వచ్చింది. ఎర్ర చీర. హవల్దారు పక్క కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎవుడ్రా వస్తన్నాడు? వంటోడా?"

నీలమ్మ పది అడుగుల దూరంలో ఆగిపోయింది. "ఏటి మావా, రోజూ నీళ్ళు తాగి నన్ను వంటోడ్ని సేసీసినావా?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నా నవ్వు సగంలో ఆగింది. పక్క కిటికీ అద్దం దించే ఉంది. ఆయనకూ ఆమెకూ మధ్య అద్దమే లేదు.

ఆయన నా మొహం వైపు తిరిగాడు. నీలమ్మ కుండతో వంటవాడి దగ్గరికి వెళ్ళింది. నాకు తెలిసిన ఒకే విద్య బయటికి తీశాను. బేరం.

"రేపు నేను పక్కన కూర్చుంటా సాబ్. బండి, గొడ్డు, మనిషి, అన్నీ చెబుతా."

"ఎనకాల కర్నల్ సాబ్ కూకుంటే నా సెవిలో గొడ్డుందని సెప్తావేటి?"

"జ్వరమని చెప్పండి. జీపు డ్రైవరు వెళ్తాడు."

"ఎల్లుండి?"

"ఒక్క ఏడాదే కదా సాబ్. ఎలాగో గడిపేద్దాం."

ఆయన స్టీరింగు మీద చేతులు ఆనించాడు. "గారలో గడ్డిబండి కాబట్టి సరిపోయినాది షావుకారీ. అది మనిషైతే? ఏటి బేరమాడతావు?"

నేను తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాను.

ఆయన మీట నొక్కాడు. వైపర్లు తిప్పాడు. మళ్ళీ నొక్కాడు. సీసా ఖాళీ అయ్యేదాకా నొక్కాడు. తర్వాత కారు తాళంచెవి బయటికి తీసి, చొక్కాకు తుడిచి, కెప్టెన్ గారి గుడారం వైపు నడిచాడు. దారిలో గుడారం తాడు తగిలి తూలాడు. పట్టుకోబోతే చేత్తో వద్దన్నాడు.

సోమవారం కారును జీపు డ్రైవరు తోలాడు. ఆముదాలవలస స్టేషను దాకా హవల్దారు వెనక సీట్లో, ట్రంకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు. విశాఖపట్నంలో కంటి ఆపరేషను చేశారని, మళ్ళీ బండి ఇవ్వలేదని తర్వాత వైర్‌లెస్‌లో తెలిసింది.

మరుసటి ఏడు సైన్యం నుంచి డిశ్చార్జి తీసుకుని నేను విజయనగరం తిరిగొచ్చాను. స్వెటర్లు ఒక్కసారైనా తొడగలేదు. అదే కొట్లో అమ్మబోతే నాకు అమ్మినవాడే పాతవన్నాడు. మళ్ళీ మా కొట్లో కూర్చున్నాను. నూనె డబ్బాకు రెండో చిల్లు కొట్టినప్పుడల్లా ఆ మైనం గుర్తొస్తుంది. నీళ్ళు ఒలకకూడదనే పెట్టాడా? లేక తప్పు అద్దానిదిగానే ఉండాలని పెట్టాడా? ఆయనకు ముందే తెలుసా? ఎటు తూచినా ముల్లు మధ్యలో నిలబడదు.

మనసులో మాత్రం ఒకటే నిలిచిపోయింది. మంచి ఎండ. అద్దం మీద మరక లేదు. సీసాలో చుక్క లేదు. వైపర్లు పొడి అద్దం మీద కీచుమంటూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. అవతల ఒక పెద్ద మీసాల మనిషి ముందుకు వంగి చూస్తున్నాడు.