తీగ మింగిన నలభై అయిదు వోల్టులు

నాకు పొగరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌గా చేరిన రోజు కూడా నేను పెద్దగా విర్రవీగలేదు. కానీ అంతకు మూడేళ్ల ముందు, ఐటీఐలో చదువుతుండగా, బేతంచెర్లలో ఒక బండల పాలిష్ షెడ్డులో చేసిన చిన్న లెక్క తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది.

ఆ షెడ్డులో మా అమ్మ పని చేసేది. పదేళ్లు నాపబండలు మోసింది. చేయి కుదురైనదని చూసి, యజమాని ఆమెకు బండల అంచులు నున్నగా అరగదీసే మిషన్ అప్పగించాడు. అక్కడ మిషన్ పట్టిన మొదటి ఆడమనిషి ఆమే. మొదట్లో మగవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. నాలుగు నెలలు తిరిగేసరికి, మంచి పని కావాలంటే ఆమె దగ్గరికే బండలు పంపడం మొదలుపెట్టారు.

ఒక వేసవిలో ఆ మిషన్ మోటారు కాలిపోయింది. యజమాని అందరి ముందూ అమ్మను పిలిచాడు.

"పదకొండు ఆంపియర్లు తీసుకోవాల్సిన మోటారు వారం నుంచి పదహైదు తీసుకుంటాండాది. బోర్డు మీద మీటరు నేనే సూసినా. నువ్వు బండనేసి గట్టిగా అదుముతాండావు, అందుకే కాలింది."

"నేను అదమలేదన్నా. కరెంటు తక్కువొస్తాండాది. వారం నుంచి సెప్తానే ఉండా" అంది అమ్మ.

షెడ్డంతా గొల్లుమంది. మీటరేమో ఎక్కువ చూపిస్తుంటే ఈమె తక్కువంటుందేమిటని వాళ్ల నవ్వు. మోటారు వైండింగ్ చేయించి తెచ్చాక మిషన్ దగ్గర వేరే అతన్ని నిలబెట్టారు. అమ్మను మళ్లీ బండలు మోయమన్నారు.

అమ్మ ఏడవలేదు. కానీ ఆ ఆదివారం చర్చిలో, ఎప్పుడూ ముందు కూర్చుని పాట ఎత్తుకునే మనిషి, వెనక వరసలో కూర్చుని పెదవి విప్పలేదు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చాక ఆ మంట ఆమె మీదే చూపించాను, బుద్ధి లేక.

"వోల్టేజీ తక్కువని సెప్పింటే సరిపోయేది గదమ్మా."

"అదేందో నాకు తెల్దు. మిషన్ నీరసంగా తిరుగుతాండాది. వైరు పట్టుకుంటే శానా వేడిగా ఉండాది. నా సేతికి తెలిసింది నేను సెప్పినా."

వైరు వేడిగా ఉందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మావైపు ఎవరైనా వోల్టేజీ తగ్గితే కరెంటు తక్కువుందనే అంటారు. అమ్మా అదే అంది. యజమాని మీటరులో చూసింది అసలు కరెంటుని, అంటే ఆంపియర్లని. మిషన్ చేయాల్సిన పని మాత్రం అంతే ఉంటుంది. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవరు కాబట్టి, వోల్టేజీ పడిపోతే మోటారు కరెంటు ఎక్కువ లాగి ఆ లోటు పూడ్చుకుంటుంది. అమ్మ తక్కువన్నదీ నిజమే, యజమాని ఎక్కువన్నదీ నిజమే.

సోమవారం ఐటీఐ ఎగ్గొట్టి, మల్టీమీటరు సంచిలో వేసుకుని అమ్మ వెంట షెడ్డుకు పోయాను.

"సదువుకోకుండా ఈడేం పని పాపా నీకు?" అన్నాడు యజమాని.

"మోటారు మళ్లా కాలకుండా సూసి పోతా సార్. అర్ధగంట సాలు."

మళ్లీ కాలుతుందనే మాట ఆయనకు రుచించలేదు గానీ, సరేనన్నాడు. మిషన్ దగ్గరున్న అతను కొత్త వైండింగ్ కూడా కాలిపోతుందేమోనని భయపడి, బండను పసిబిడ్డను పట్టినట్టు పట్టుకున్నాడు. అయినా మీటరు పదిహేనే చూపించింది. బోర్డు దగ్గర రెండువందల ముప్పై వోల్టులున్నాయి. మిషన్ దగ్గర కొలిస్తే నూట ఎనభై అయిదే. మోటారు కాలడానికి వారం ముందే నీడ కోసమని మిషన్‌ను షెడ్డు చివరికి జరిపి, సన్నటి వైరు అతికించి అంతదూరం లాగారు.

నేను సుద్దముక్క తీసుకుని ఒక బండ మీద అందరికీ కనబడేలా రాశాను. దారిలో పోయినవి నలభై అయిదు వోల్టులు. దాన్ని పదిహేనుతో భాగిస్తే మూడు ఓమ్‌లు, అది ఆ తీగ నిరోధం. అదే నలభై అయిదుని పదిహేనుతో గుణిస్తే ఆరువందల డెబ్బై అయిదు వాట్లు, అది తీగలో వేడిగా పోతున్న పవరు. ఏసీ లెక్కలు ఇంత సూటిగా ఉండవని తర్వాత చదువుకున్నాను. తీగ గుట్టు బయటపెట్టడానికి మాత్రం ఆ లెక్క చాలింది.

"పొద్దుగుంకేదాకా ఈ వైరులో ఒక ఇస్త్రీ పెట్టె కాలుతున్నట్టే సార్. కావాలంటే పట్టుకోని సూడండి" అన్నాను.

ఆయన మెయిన్ ఆపించి, వంగి వైరు పట్టుకుని, వెంటనే చేయి వెనక్కి తీసుకున్నాడు. మనిషిని పంపి లావు వైరు తెప్పించాడు. మధ్యాహ్నానికి వైరు మారింది. మిషన్ దగ్గర రెండువందల ఇరవై నాలుగు వోల్టులొచ్చాయి. మీటరు ముల్లు పదకొండు దగ్గర నిలబడింది. అందరూ నా చుట్టూ మూగారు. నేను నేల మీద లేను.

"నీ కూతురు నిన్ను గెలిపించిందమ్మా. రేపట్నుంచి మిషన్ నువ్వే పట్టుకో" అన్నాడు యజమాని.

అమ్మ కొంగు నడుముకు దోపుకుని అప్పుడే మిషన్ దగ్గరికి నడిచింది.

"నా కూతురు లెక్క జేసింది, మంచిదే. అది రాకముందు కూడా నేను నిజమే సెప్పినా గదన్నా."

నా పొగరంతా ఆ ఒక్క మాటకు దిగిపోయింది. యజమాని కాసేపు బండ మీది అంకెల వైపు చూసి, తర్వాత అమ్మ వైపు తిరిగి, "తప్పు నాదేనమ్మా" అన్నాడు. అన్నేళ్లలో ఆ షెడ్డులో మా అమ్మతో ఎవరైనా ఆ మాట అనడం అదే మొదటిసారి.