ముందు చక్రంలో గాలి

మెత్తటి మంచు పడితే, గడ్డకట్టిన యూకాన్ నది మీద అందరూ చక్రాలు కూరుకుపోకుండా టైర్లలో గాలి తగ్గించి సైకిలు తొక్కుతారు. మెర్లిస్ మాత్రం దిగి తోసుకుంటుంది, ముందు చక్రంలో గాలి తీయదు. నిరుడు ఆమె భర్త ఓర్విన్ పంక్చరు వేసి, చేతి తొడుగులు తీసేసి పంపుతో గాలి కొడుతూ, మోకాళ్ల మీదే చలికి గడ్డకట్టి చనిపోయాడు. ఆ చక్రం మాత్రం గాలి నిండి రాయిలా ఉంది. దాన్నే తన సైకిలుకి బిగించుకుంది. రోజూ బొటనవేలితో నొక్కి చూసుకుని గాని బయల్దేరదు.

ఇవాళ మంచులోంచి పొడుచుకొచ్చిన కొమ్మ ఆ టైరులో దిగింది. మెర్లిస్ టోపీ తీసి, బుస్సుమంటున్న చోట చెవి ఆనించి కూలబడింది.

"పిచ్చిదానా, చలికి చెవి ఊడిపోతుందే! లే, ముందు నడు!" వెనకే వస్తున్న ఓర్విన్ అక్క లెనోరా రెక్క పట్టి లాగింది.

"ఉండు వదినా," అంది మెర్లిస్. "నీ తమ్ముడు కొట్టిన గాలి ఇంకా అయిపోలేదు."