వదిన కాల్చిన రాగిముక్కలు

మా పాళెంలో కేకు కావాలంటే కావలికి పోయి తెచ్చుకోవాల్సిందే. ఇంట్లో పొయ్యి మీద కూడా అలాంటివి కాల్చుకోవచ్చని మా వదిన వచ్చేదాకా మాకు తెలీదు. వదినది తడ దగ్గర ఊరు. పెళ్ళికి ముందు అక్కడొక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేసింది. పిండి పరిచిన పళ్ళేలు ఒక వైపు నుంచి లోపలికి పోయి, ఇంకో వైపు ఎర్రగా కాలి రావడం రోజూ చూసేదట. ఆ వాసన అంటే తనకు ప్రాణం అని పెళ్ళయిన కొత్తలో నాతో చెప్పింది. ఆ మాటలకు మా అమ్మ మూతి తిప్పింది. మేం చేపల వాసనలో పుట్టి పెరిగినవాళ్ళం మరి.

మా అన్న ఫైబర్ పడవలో వేటకు పోయేవాడు. మొత్తం నలుగురు. సాయంత్రం పోతే మర్నాడో, ఆ తర్వాతి రోజో ఒడ్డుకు వచ్చేవాళ్ళు. కట్టుకుపోయిన అన్నం ఆ ఉక్కకు పులిసిపోయేది. అన్నకు చిన్నప్పటి నుంచి కడుపు సరిగ్గా ఉండదు. పులిసిన అన్నం తింటే నొప్పి, తినకపోతే వల లాగే ఓపిక ఉండదు. ఉత్త మంచినీళ్ళు తాగి వచ్చేవాడు. ఇంటికొచ్చాక గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకుని కూచునేవాడు.

అది చూసి వదిన ఒకరోజు పెద్ద అల్యూమినియం దబర తీసి, అడుగున ఇసుక పోసి, మధ్యలో ఇనప చుట్టకుదురు పెట్టింది. రాగిపిండి, కాస్త గోధుమపిండి, బెల్లం పాకం, వేయించి దంచిన శెనక్కాయలు, కొబ్బరి అన్నీ కలిపి, నూనె రాసిన చదరపు పళ్ళెంలో వేసి అరిచేత్తో అదిమింది. పళ్ళేన్ని చుట్టకుదురు మీద పెట్టి మూత వేసి, దబరను పొయ్యి మీదికి ఎక్కించింది. మూత మీద కూడా నిప్పులు పోసింది.

"ఇసకలో వండే వంట యాడన్నా ఉందా?" అంది అమ్మ.

"ఇసక పైకి రాదత్తా. వేడి సమంగా తగలాలని పోసినా, అంతే."

మొదటిసారి అంచులు మాడి, నడుమ పచ్చిగా ఉండిపోయింది. అన్న ఆ మాడిందీ పచ్చిదీ మొత్తం తినేసి, "అట్ట మాదిరి ఉండాయి, ఏం ఫరవాలేదు" అన్నాడు. వదిన నవ్వలేదు. వారం రోజులు రోజూ కాల్చింది. మంట ఎంత ఉండాలో, ఎప్పుడు తీయాలో చేతికి అలవాటయ్యాక ముక్కలు బాగా కుదిరాయి. వేడి మీదే కత్తితో కోయాలి, చల్లారితే గట్టిపడతాయి. సముద్రపు తేమలో కూడా నాలుగైదు రోజులు చెడకుండా ఉండేవి. డబ్బాలో సర్ది పైన ప్లాస్టిక్ కవరు చుట్టి ఇచ్చేది. చేతికి చేపల జిగట ఉన్నా, ముక్క నోట్లో వేసుకుని పని చేసుకోవచ్చు. అన్న మొహంలో కళ వచ్చింది. పడవలో మిగతా ముగ్గురికీ కూడా అలవాటైంది. అమ్మ మాత్రం మా ముందు ముట్టేది కాదు. ఎవరూ లేనప్పుడు టీలో నానబెట్టుకుని తినడం నేను చూశాను. ఆమెకు పళ్ళు సగం ఊడిపోయాయి.

ఇట్లా నాలుగేళ్ళు గడిచాయి. వాళ్ళకు ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. నేను ఊరి బయట రొయ్యపిల్లల హేచరీలో పనికి పోయేదాన్ని.

ఆ రోజు వాళ్ళు పోయేటప్పుడు సముద్రం నిమ్మళంగానే ఉంది. తెల్లవారి గాలి మారింది. వేటకు పోవద్దని ఫోన్లకు కబురు వచ్చేసరికి వాళ్ళు పోయి చాలాసేపయింది. మధ్యాహ్నానికి మిగతా పడవలన్నీ వచ్చాయి. అన్న వాళ్ళది రాలేదు. అందరం ఒడ్డునే ఉన్నాం. వానలో అమ్మ ఒక్కో పడవవాళ్ళ దగ్గరికీ పోయి అడుగుతోంది. వదిన ఎవర్నీ ఏమీ అడగలేదు.

మర్నాడు తమిళనాడు వైపు పడవవాళ్ళు ఇద్దరిని ప్రాణాలతో నీళ్ళలోంచి తీశారని కబురొచ్చింది. అందులో ఒకడు మా చిన్నాయన కొడుకు. మూడో ఆయన, ఆ నలుగురిలో పెద్దవాడు, శవమై దక్షిణాన ఒక ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అన్న మాత్రం ఏ ఒడ్డుకూ రాలేదు.

మా చిన్నాయన కొడుకు ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. పెదాలు పగిలి, మొహమంతా ఉప్పుకు తోలు లేచిపోయి ఉంది. వదిన ముందు కింద కూచున్నాడు.

"ఇంజన్ ఆగిపోయినాది వదినా. నీళ్ళు తోడతానే ఉండాం. ఇంక పడవ నిలబడదని అన్నకి తెలిసిపోయినాది. డబ్బా తెరిచి మాకు తలా రెండు ముక్కలు పెట్టినాడు. తడవక ముందే తినండిరా, ఒంట్లో సత్తువ ఉండాల అన్నాడు. ఆ తర్వాతే తిరగబడినాది."

"తను తిన్నాడా?" అంది వదిన.

వాడు తల పైకెత్తలేదు.

"తిన్నాడా నాయనా, చెప్పు."

"నేను చూళ్ళేదు వదినా."

పడవ ఎట్లా తిరగబడింది, చివరగా అన్నను ఎక్కడ చూశాడు, ఇవన్నీ అమ్మే అడిగింది. వదిన లేచి లోపలికి పోయింది. కాసేపటికి రాగిపిండి జల్లెడ పడుతున్న చప్పుడు వినిపించింది.

ఆ రోజు నుంచి పొద్దు వాలేసరికి ఆ పొయ్యి వెలిగేది. కాల్చడం, కోయడం, డబ్బాలో సర్దడం. ఆకలితో వస్తాడు, ఇంట్లో ఏదో ఒకటి ఉండాల గదా అనేది. మొదట్లో పిల్లలు తిన్నారు, పలకరించడానికి వచ్చినవాళ్ళకు పెట్టాం. తర్వాత పిల్లలు కూడా వద్దన్నారు. డబ్బాలు నిండాయి, చీమలు పట్టాయి. రాత్రి నేను పాతవి తీసి పారబోస్తే, పొద్దున వదిన ఆ ఖాళీ డబ్బాలు కడిగి ఆరబెట్టేది. మళ్ళీ కాల్చేది. బెల్లం కాగే వాసన రాగానే అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒడ్డుకు పోయేది. ఆ వాసన తగిలితే నా బిడ్డ వచ్చినాడేమో అనిపిస్తా ఉందే, ఎట్టా తట్టుకునేది అని ఒకసారి నా భుజం పట్టుకుని ఏడ్చింది.

కొన్నాళ్ళకు ఊరి కాపులు, అంటే మా పాళెంలో మంచీచెడూ చూసే పెద్దలు, ఇంటికి వచ్చారు. శవం దొరకలేదని ఎన్నాళ్ళు ఆగుతారు, బట్టలు పెట్టి కర్మ చేసేద్దాం అన్నారు. అమ్మ సరే అంది. వాళ్ళు వెళ్ళాక వదినను పిలిచింది.

"అమ్మాయ్, ఎల్లుండికి ముక్కలు చెయ్యి. వాడికి ఇష్టమైంది పెట్టాల గదా."

వదిన చేతిలో అట్లకాడ ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టింది.

"ఇంటికొస్తే తింటాడని చేస్తా ఉండాను అత్తా. కాకికి పెట్టేదానికి నేను చెయ్యను."

"నాకు మాత్రం ఇష్టమా? కన్నదాన్ని."

"మీరు కన్నారు. మీరే పెట్టుకోండి."

వదిన పొయ్యిలో నీళ్ళు పోసి, పిల్లల్ని తీసుకుని పక్కగదిలో పడుకుంది. మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికి రాలేదు.

చివరికి అమ్మా నేనూ చేశాం. వదిన చేస్తుంటే ఇన్నేళ్ళు చూశాం కానీ, ఒక్కరోజూ చెయ్యి పెట్టలేదు. బెల్లం పాకం ముదిరిపోయింది. మంట ఎక్కువైంది. మూత తీసేసరికి అంచులు నల్లగా, నడుమ జారుగా ఉంది. అమ్మ ఆ పళ్ళెం ముందు కూచుని, "ఇదన్నా సరిగ్గా పెట్టలేకపోతి నాయనా" అని తల బాదుకుంది. మళ్ళీ చేసే ఓపిక మాకిద్దరికీ లేదు. ఉన్నవాటిలోనే కాస్త గట్టిగా ఉన్నవి కోసి ఆకులో చుట్టుకున్నాం.

కర్మ ఒడ్డున జరిగింది. అన్న చొక్కా, లుంగీ పెట్టి, వాళ్ళ చిన్న కొడుకు చేత చేయించారు. అన్నం ముద్దల పక్కన అమ్మ ఆ నల్లటి ముక్కలు పెట్టి వెనక్కి జరిగింది. వదిన రానంది గానీ వచ్చింది. దూరంగా, ఒడ్డుకు లాగిన పడవల పక్కన నిలబడి చూస్తోంది. కాకి ముడితే పోయినవాడు అందుకున్నట్టు లెక్క. ముట్టకపోతే ఏమనుకోవాలో ఎవరూ అనడం లేదు కానీ, అన్న ఇంకా బతికే ఉన్నాడని అనుకోవడానికే వదిన నిలబడిందని నాకు తెలుసు. చేపల ఒడ్డున కాకులకు కొదవేముంది. ఒకటి దిగింది, అన్నాన్ని వదిలేసి ముక్కనే కరుచుకుపోయింది. దాని వెనక ఇంకో రెండు దిగాయి.

వదిన ఉన్నచోటే కూలబడింది. అంతవరకు ఆమె ఏడవడం నేను చూడలేదు. ఆ ఏడుపుకు ఆడవాళ్ళు నలుగురూ చుట్టూ చేరారు. వరసకు పెద్దమ్మ అయ్యే ఒకామె ఆమె చెయ్యి పట్టుకుని గాజులు తీయబోయింది. అమ్మ పరుగున పోయి ఆమెను పక్కకు నెట్టేసింది.

"ఎవరూ దాని చేతులు ముట్టుకోబాకండి. అది ఎప్పుడు తీయాలనుకుంటే అప్పుడు తీస్తాది."

పాళెంలో ఆ గాజుల గురించి అమ్మను చాలా అన్నారు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య ప్రేమ పుట్టిందని చెప్పలేను. ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే కుండలో తిన్నారు, అవసరమైనంత మాట్లాడుకున్నారు. దబరను అమ్మ చేపలు కడగడానికి వాడుకుంది. పళ్ళెం ఏమైందో నాకు తెలీదు.

ఏడాది తిరక్కముందే వదిన రొయ్యలు వలిచే షెడ్డులో పనికి కుదిరింది. మొదటిరోజు తోడుగా నేనూ అమ్మా గేటు దాకా పోయాం. లోపలికి పోయేవాళ్ళ చేతులు చూస్తున్న సూపర్‌వైజరమ్మ వదినను ఆపింది.

"గాజులతో లోపలికి పంపరమ్మా. ఉంగరాలు, గాజులు ఏవీ ఉండకూడదు. అందరికీ ఇదే రూలు."

వదిన కుళాయి దగ్గరికి పోయి, అక్కడున్న సబ్బు ముంజేతికి రాసుకుని, ఒక్కొక్కటే పగలకుండా తీసింది. తడి గాజులు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. షెడ్డు తలుపు తీస్తే ఐసు చలి బయటికి కొట్టింది. వదిన టోపీ పెట్టుకుని లోపలికి పోయింది.

అమ్మా నేనూ ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆటో వచ్చేదాకా అమ్మ ఆ గాజుల్ని కొంగుతో తుడుస్తూనే ఉంది.