నెపం పడవ మీద పెట్టారు

మా చిన్నప్పుడు... భద్రాచలం దగ్గర గోదావరి మీద ఇంకా వంతెన లేదు. బూర్గంపాడు పక్కనున్న మా ఊరి బడి జట్టు చెడుగుడు పోటీకి అవతలి ఒడ్డుకు వెళ్లాలంటే పడవే దిక్కు. జట్టులో అందరికన్నా గట్టి ఆటగాడు మా అన్న సోమయ్య. నేను వాడి వెనక చూడ్డానికి పోయేవాడిని.

ఆ రోజు కూతకు వెళ్లిన అన్నను ముగ్గురు కలిసి పట్టేశారు. పడేటప్పుడు ఒకడి మోకాలు అన్న కణతకు తగిలింది. రక్తం రాలేదు. లేచాడు... ఒళ్లు దులుపుకున్నాడు... నడుచుకుంటూ వెళ్లి అవతలి జట్టు వరసలో నిలబడ్డాడు. రెండు ఊళ్లవాళ్లూ పడీ పడీ నవ్వారు.

తిరుగు ప్రయాణంలో పడవ అంచు మీదికి వంగి వాంతి చేసుకున్నాడు. ఒకసారి కాదు... ఒడ్డు చేరేదాకా. వీడికి పడవ పడలేదు అన్నారు ఎవరో. అంతా సరే అనుకున్నారు. నడక నేర్చిన నాటి నుంచి ఆ ఏట్లో పడవలెక్కి తిరిగినవాడికి ఆ సాయంత్రమే ఎందుకు పడలేదని ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చాక అమ్మ ఊరిన ఉసిరికాయ చప్పరించమని ఇచ్చింది.

తెల్లారి నుంచి వాకిట్లోకి రానన్నాడు. ఎండ చూస్తే కళ్లు మూసుకునేవాడు. సద్ది ముట్టలేదు. వడ్ల గుమ్మి పక్కన చీకట్లో పడుకునేవాడు. టీకొట్టు దగ్గర పెద్దవాళ్లకు పేపరు చదివి వినిపించేది వాడే... ఆ వారం అక్షరాలు కదులుతున్నాయన్నాడు.

అదే వారం చివర్లో అవతలి జట్టు మా ఊరికి వచ్చింది.

అన్న దాచలేదు. ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను... తర్వాత కథ మార్చి చెప్పినవాళ్లున్నారు కనుక. బరి పక్కనున్న డ్రిల్లు మాస్టారి దగ్గరికి నేరుగా వెళ్లి చెప్పాడు.

"సార్, తల తిరుగుతాంది. ఎండ దిక్కు చూడలేకపోతున్న. ఇయ్యాల నన్ను వదిలెయ్యిండ్రి."

మాస్టారు అన్న వైపు చూడలేదు. జట్టు వైపు తిరిగాడు. "ఏందిరో, మన సోమిగాడు వాంతులు చేసుకున్నడట, ఇప్పుడు తల తిరుగుతాందట. నెల తప్పిండేమో అడుగుండ్రి."

జట్టంతా నవ్వింది. అన్న చొక్కా విప్పి నా చేతికిచ్చి బరిలోకి దిగాడు.

మొదటి కూతలోనే పడిపోయాడు. దెబ్బ కూడా పెద్దది కాదు... ఒకడి భుజం తలకు తాకింది, అంతే. ఈసారి లేవలేదు. ఎడ్లబండిలో దవాఖానాకు తీసుకెళ్లారు.

బతికాడు. బతికాడు కనుక ఏమీ కాలేదన్నారు. పేపరులో నాలుగు వరసలు దాటి చదవలేకపోయేవాడు. గిన్నె కిందపడ్డ చప్పుడుకు కూడా చెవులు మూసుకునేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. బద్ధకమని బడిలో పేరు కొట్టేశారు. తల మీద తువ్వాలు కప్పుకుని పశువులు కాస్తూ బతికి, యాభై నిండకుండానే పోయాడు.

నేను చదువుకున్నాను. దొరికిన పుస్తకమల్లా చదివాను, వైద్య పుస్తకాలు కూడా. బయట చుక్క రక్తం రాకుండానే లోపల మెదడు అదిరిపోతుందని వాటిలో రాసి ఉంది. వాంతి, మసక, తల తిరగడం, వెలుతురు పడకపోవడం, ఎక్కడున్నాడో మరిచిపోవడం... మా అన్న పడవ దగ్గరి నుంచీ చూపించినవన్నీ రాసి ఉన్నాయి. అది మానకముందే రెండో దెబ్బ తగిలితే ఎంత ప్రమాదమో కూడా.

మాస్టారి పదవీ విరమణ సభకు వెళ్లాను. శాలువా కప్పారు. మా పిల్లలు తలలు పగిలినా నోరు విప్పేవాళ్లు కాదని మైకులో గర్వంగా చెప్పాడు. విప్పాడు సార్. మీ ముందే విప్పాడు. ఇప్పుడు ఆయనా లేడు. పోయినవాళ్ల గురించి చెడుగా రాయకూడదంటారు... పోయినవాళ్లలో మా అన్న కూడా ఉన్నాడు.

ఇప్పుడు ఈ బ్లాగుల్లోనూ అదే పాట. మా కాలంలో తలకు దెబ్బ తగిలితే మట్టి రాసుకుని ఆడేవాళ్లం అని మురిసిపోతున్నారు. ఆడినవాళ్లలో రాయగలిగినవాళ్లే రాస్తున్నారు. మిగతావాళ్ల సంగతి ఎవరు రాయాలి?

పోయినేడు తల్లాడలో బడుల కబడ్డీ పోటీలు జరిగాయి. నా మనవరాలు మౌనిక తొమ్మిదో తరగతి. ఆట చివరికొచ్చింది, ఒక్క పాయింటు తేడా. పట్టబోతుంటే ఇంకో పిల్ల తలకు మౌనిక తల తాకింది. చెయ్యెత్తి, వాళ్ల సారు దగ్గరికి నడిచింది.

"సార్, నాకు ఒక్కొక్కరు ఇద్దరిద్దరు కనబడుతాండ్రు."

ఆ సారు కుర్రవాడు. నవ్వలేదు. ఆమెను బయట కూర్చోబెట్టి, ఒక టీచరమ్మను తోడిచ్చి ఆటోలో దవాఖానాకు పంపాడు. నేనూ బయల్దేరబోతుంటే పక్కనున్న పెద్దమనిషి, ఈ కాలం పిల్లలవన్నీ నాటకాలు అన్నాడు. మీరు చిన్నప్పుడు ఏ ఆట ఆడిండ్రు అని అడిగాను. ఏదీ ఆడలేదట.

జట్టు ఓడిపోయింది. తలనొప్పి పూర్తిగా పోయేదాకా ఆట వద్దన్నాడు డాక్టరు. మౌనిక చాలా రోజులు మంచం మీద మూతి ముడుచుకుని కూర్చుంది.

"తాతా, నా వల్లనే ఓడినం కదా?"

"అవ్, నీ వల్లనే," అన్నాను. "మల్ల గట్లయితే మల్ల చెప్పు."

ఇప్పుడు మళ్లీ ఆడుతోంది.

కాలం మారిందని నేను అనను... ఒక సారు మారాడు, అంతవరకే చూశాను. దెబ్బ తగిలితే చెప్పమని పిల్లలకు నూరిపోస్తే సరిపోదు. వాళ్లు చెప్పిన రోజున మనం నోరు మూసుకుని వినాలి. ఒక్క నవ్వు చాలు, వాడు చొక్కా విప్పి బరిలోకి దిగడానికి.

మీ జట్టులోనూ ఒకడు ఉండే ఉంటాడు... కిందపడి, ఏం కాలేదని లేచి నిలబడ్డవాడు. ఇప్పుడెలా ఉన్నాడు? తెలిస్తే ఇక్కడ రాయండి. తెలియకపోతే, ముందు వెళ్లి వాణ్ని చూసి రండి.