సమ్మన్న నొక్కిన బటన్

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. జనగామలో విమాన టికెట్లు తీసిచ్చే చిన్న షాపు నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడటమే నా పని. ఈ ఒక్క మాట మాత్రం ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సమ్మన్నది భూపాలపల్లి. బొగ్గుబాయిలో పైకప్పు కూలి నడుము దెబ్బతిని, ఉద్యోగం మధ్యలోనే మానుకున్న మనిషి. మా బావ ఉండేది ఆయన పక్క క్వార్టర్లోనే. ఆ నమ్మకంతో నా దగ్గరికి వచ్చాడు. కెనడాలో ఉండే ఆయన తమ్ముడు అంతకు ముందు ఏడాదే పోయాడు. ఆ తమ్ముడి కూతురికి అక్కడే పెళ్లి కుదిరింది. పెదనాన్న, పెద్దమ్మ పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాల్సిందేనని ఆ పిల్ల పట్టుబట్టింది. పెద్దమ్మ పెళ్లి పనులకని నెల ముందే వెళ్లింది. ఇక సమ్మన్న ఒక్కడే వెళ్లాలి. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఒకటే చెప్పింది. పెదనాన్న రెండు గంటలు కూడా కూర్చోలేడు, బిజినెస్ క్లాసులో పూర్తిగా మంచంలా పరుచుకునే సీటే చూడండి అంది.

రెండు విమాన సంస్థలు తేలాయి. మొదటిదాంట్లో సీటు నిజంగా మంచమే. రెండోదాంట్లో ఆ దారిలో పాత విమానం తిరిగేది. సీటు ఏటవాలుగా వంగి ఆగిపోతుంది, పడుకుంటే కాళ్లవైపు జారిపోతాం. పేరుకు రెండూ బిజినెస్ క్లాసే. నాకు తేడా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

కానీ ఆ రెండో సంస్థ అప్పుడే ఏజెంట్లకు బ్యాంకాక్ యాత్ర పెట్టింది. ఇంకొక్క బిజినెస్ టికెట్ అమ్మితే నాకూ అందులో చోటుంది. ఎంతో మందిని విమానం ఎక్కించాను గానీ, అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఇది సాకా? సాకే.

ఏది మంచిదని సమ్మన్న అడిగాడు. రెండూ ఒకటేనన్నాను. అనేటప్పుడు నా గొంతు తడబడలేదు కూడా. ఆయన తల ఊపి, అక్కడి చలికి ఏం బట్టలు పెట్టుకోవాలని అడిగాడు.

నేను బ్యాంకాక్ పోయాను. ఫొటోలు దిగాను. సిగ్గు లేకుండా వాటిని షాపులో గోడకు పెట్టాను.

సమ్మన్న తిరిగొచ్చాక బస్సెక్కి నా షాపుకొచ్చాడు. నా పిల్లలకని చాక్లెట్ల ప్యాకెట్ తెచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేక బల్ల పట్టుకుని నిలబడ్డాడు. విమానం దిగేటప్పటికే నడుము పట్టేసిందట. ముహూర్తం వేళకు ఇద్దరు పట్టుకున్నా పీట మీదికి వంగలేకపోయాడట. చివరికి పిల్ల మేనమామ దంపతులు కన్యాదానం చేశారు. ఈయన పక్క గదిలో పడుకుని మంత్రాలు విన్నాడు. పెళ్లయ్యాక ఆ పిల్ల వచ్చి ఆయన మంచం దగ్గర కూర్చుని ఏడ్చిందట.

నా ప్రాణం చచ్చిపోయింది. ఇప్పుడు తిడతాడు, తిట్టనీ అనుకున్నాను. ఆయన మాత్రం తల దించుకున్నాడు.

"తప్పు నాదే తమ్మీ. సీటును మంచం జేసే బటన్ ఉంటదట గదా, గది నాకు దొరకలే. ఉన్నయన్ని నొక్కిన. సగం వంగి ఆగుతది. ఎవలనన్న అడుగుదమంటే, నా మాటకు నవ్వుతరేమోనని ఊకున్న. పద్నాలుగు గంటలు గట్లనే పోయిన."

నిజం నోటిదాకా వచ్చింది. గోడ మీది ఫొటో ఆయన తల వెనకాలే కనిపిస్తోంది.

"పోనీలే అన్నా," అన్నాను. "మొదటిసారి అందరికి గట్లనే అయితది."

నేను ఓదార్చాననుకుని ఆయన నా భుజం తట్టాడు. మొదటి అబద్ధం ఆశతో ఆడాను, సరే. మరి ఇదేమిటి? పోయిన పీట ఎలాగూ తిరిగి రాదు, కనీసం తప్పు నీది కాదన్నా అని ఒక్క మాట చెప్పడానికి నాకేం రోగం? ఆయన పోగొట్టుకున్నది చాలదన్నట్టు, చేతగానివాడినన్న సిగ్గు కూడా నేనే ఆయన నెత్తిన పెట్టి పంపాను.

అప్పటి నుంచి సమ్మన్న ఆ కథను తన మీద తనే నవ్వుకుంటూ పదిమందికీ చెబుతాడట. పైగా జనాన్ని నా దగ్గరికే పంపుతాడు. పోయిన నెల మహబూబాబాద్ నుంచి ఒక ఆమె వచ్చింది. విమానం ఎక్కగానే సిగ్గుపడకుండా బటన్ ఏదో అడగమని సమ్మన్న మరీ మరీ చెప్పాడంది. నేను తలూపాను. ఆమె సీటు ఎలాంటిదో మూడుసార్లు చూసి టికెట్ తీశాను. దాంతో సమ్మన్నకేం ఒరిగింది?

చాలాసార్లు ఆయనకు ఫోన్ చేశాను. నడుము ఎట్లుందని అడిగి పెట్టేశాను. రేపైనా చెబుతానని మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. కానీ ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలి. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

సమ్మన్నా, నువ్వు సరైన బటనే నొక్కావు. ఆ సీటు అంతకు మించి వంగదు. నీకు టికెట్ తీసిన రోజే అది నాకు తెలుసు.