నాయనమ్మ కూడా బంతిలో కూర్చుంది

పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో తెనాలిలో మా నాయనమ్మ మంచం పట్టింది. నడుము నొప్పి ఒక బాధ అయితే, ఆమె ఎదుటే మా నాన్న ఆమె పెద్దదినం భోజనాల గురించి మాట్లాడటం ఇంకో బాధ. "దుగ్గిరాలలో పసుపు మంచి ధరకు పోతే, అమ్మ దినానికి నాలుగూళ్ళు పిలుస్తానండి," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ప్రేమతోనే అనేవాడు లెండి. ఆ ప్రేమ చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నాయనమ్మ కోరిక ఒక్కటే. బాపట్లలో ఉన్న చెల్లెలి పక్కన కూర్చుని ఒక పూట అన్నం తినాలి. ఆ చెల్లెలికి మోకాళ్ళ నొప్పులు, ఎవరో ఒకరు వెళ్ళి తీసుకురావాలి. "పసుపు అమ్మకం కానీ అమ్మా," అనేవాడు నాన్న.

ఇంతలో రేపల్లె నుంచి మేనత్త వచ్చింది. ఆవిడ నోరు మంచిది కాదని చుట్టాల్లో పేరు. నాకు ఆ నోరంటేనే ఇష్టం.

"ఆ నాలుగూళ్ళ భోజనం అమ్మ తింటుందా అన్నయ్యా? ఆ బూరెలేవో ఇప్పుడే వండిద్దాం. పిన్ని కూడా వస్తుంది."

"బతికున్న మనిషికి భోజనాలేంటే? అపశకునం."

"మనిషి ఎదురుగా కూర్చుని దినం వంటలు చెప్పడం శకునమా?"

నాన్న వంటవాణ్ణి పిలిపించాడు. ఆదివారం మా ఇంట్లో భోజనాలని చుట్టాలకు కబుర్లు వెళ్ళాయి.

మా వైపు ముసలామె మంచాన ఉన్న ఇంట్లో భోజనాలంటే అర్థం ఒకటే. అంత తెలివిగల మా అత్తకూ ఆ సంగతి తట్టలేదు. బాపట్లలో చిన్ననాయనమ్మ, తన అక్క పోయిందనుకుని, పక్కింటావిడ భుజం పట్టుకుని రైలెక్కింది. వీధి మొదట్లోంచే ఏడుస్తూ వచ్చింది. నాయనమ్మ వసారాలో గోడకు ఆనుకుని, విస్తరి ముందు కూర్చుని ఉంది.

"తర్వాత ఏడుద్దువుగాని రావే. పప్పు చల్లారిపోతోంది," అంది.

చిన్ననాయనమ్మ అక్కడే కూలబడి, ఏడుస్తూనే నవ్వింది. ఇద్దరూ పక్కపక్కన తిన్నారు. పులుసులో ఉప్పు తక్కువని వంటవాణ్ణి కలిసి తిట్టారు. నాయనమ్మ తన బూరె చెల్లెలి విస్తట్లో వేస్తే ఆవిడ మళ్ళీ తిరిగి వేసింది. ఆ పూట నాయనమ్మ నడుము నొప్పి ఊసే ఎత్తలేదు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ ఏడు వానాకాలంలోనే నాయనమ్మ పోయింది. పెద్దదినానికి పిలవడానికి నాన్న బాపట్ల వెళితే నేనూ వెంట వెళ్ళాను. చిన్ననాయనమ్మ రానంది.

"నేను మా అక్క పక్కన కూర్చుని తినేశాను కదరా. ఇప్పుడొస్తే నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

మైలలో ఉన్నవాడు ఇంకొకరింట్లో తినకూడదు. నాన్న అలాంటివి ఎన్నడూ తప్పేవాడు కాదు. ఆవేళ మాత్రం, "నేను కూర్చుంటాను పిన్నీ, ఇంత అన్నం పెట్టు," అన్నాడు.